మోసే బరువు, ఎత్తే బరువు

(బహ్రెయిన్ రాజధాని మనామాలో తెలుగువారి సభలో చేసిన స్మారక ఉపన్యాసం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆ మాస్టారిని ఇక్కడ ఎవరూ పేరు పెట్టి పిలవలేదట. అందుకని నేనూ మాస్టారనే అంటాను. కోనసీమలో డ్రిల్లు మాస్టారిగా కొన్నాళ్లు చేసి, ఆ జీతం చాలక ఇక్కడికొచ్చి గోడౌన్‌లో సరుకు లెక్క రాసుకుంటూ బతికిన మనిషి. శుక్రవారం తెల్లవారకముందే రూముల తలుపులు కొట్టి కుర్రాళ్లను లేపి, ఖాళీ స్థలంలో నెట్టు కట్టించి వాలీబాల్ ఆడించేవారట. నాకు ఆయనతో ముఖపరిచయం లేదు. నేను మానసిక వైద్యుణ్ణి. డిప్రెషన్‌కు వ్యాయామం నిజంగా వైద్యమేనా, అయితే ఎవరికి, ఎంత, ఏ పద్ధతిలో అన్నది ఈ పూట నా విషయం. పుస్తకాల్లో దీనికి దొరికే జవాబు ఈ ఊళ్లో, ఈ ఎండలో, ఈ పనుల్లో ఉన్నవాళ్లకు అచ్చంగా సరిపోదు. ఎక్కడ సరిపోదో చెప్పడానికే వచ్చాను.

ఇక్కడ పనిచేసే జగిత్యాల దగ్గరి పల్లెటూరి మనిషి ఒకాయన సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు నా దగ్గరికి వచ్చాడు. వెంట భార్య, బావమరిది. చేతిలో ప్లాస్టిక్ సంచి, దాన్నిండా ఎండోస్కోపీ రిపోర్టులు, రక్తపరీక్షలు, గ్యాస్ మాత్రల చీటీలు. తిండి సహించదు, ఛాతీలో బరువు, రాత్రి మూడింటికల్లా మెలకువ వస్తుంది, మళ్లీ కన్ను మూతపడదు. పిల్లలు ఒళ్లో కూర్చున్నా ఏమీ అనిపించడం లేదని భార్య పక్కకు వచ్చి చెప్పింది. డిప్రెషన్ అని తేలడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేకపోయింది. ఆ సంచిలోనే అంతకుముందు ఎవరో రాసిన చీటీ ఉంది. రెండు మాత్రల కింద, రోజూ నలభై అయిదు నిమిషాలు నడవమని. ఆయన ఆ కాగితం నా ముందు పెట్టి అడిగాడు: "సారూ, ఆడ పొద్దంత సిమెంటు బస్తాలు మోస్త. మళ్ల కసరత్తు చెయ్యమని రాసిండ్రు. ఇంకెంత చెయ్యాలె?" అరచేతులు చూశాను. వేళ్ల మొదట్లో కాయలు కాసి, ఆ కాయల చుట్టూ సిమెంటుకు చర్మం పగిలి, పగుళ్లలో బూడిద రంగు దిగిపోయి ఉంది.

ఆయన అడిగింది వైద్యశాస్త్రం జవాబు చెప్పవలసిన ప్రశ్న. ఒంటిని కదిలిస్తే మనసు కుదుటపడుతుందన్నదే నిజమైతే, ఈ ద్వీపంలో అందరికన్నా హాయిగా ఉండవలసింది ఆయనే. అలా లేడు. ఆయనలాంటివాళ్లు చాలామంది కూడా అలా లేరు. బహ్రెయిన్‌లో జరిగిన ఆత్మహత్యలను ఇక్కడి వైద్యులే పరిశీలించి రాసినప్పుడు, పౌరులకంటే వలస వచ్చినవాళ్లలో అవి చాలా ఎక్కువనీ, అందులోనూ మన దేశంవాళ్లే ఎక్కువమందనీ తేలింది.

ముందు అసలు రుజువులేమిటో చూద్దాం. 2019లో ప్రపంచంలో సుమారు 28 కోట్లమందికి డిప్రెషన్ ఉండేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో 2015–16లో నిమ్‌హాన్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. దీనికి వ్యాయామాన్ని మందుతో ముఖాముఖి పోటీకి పెట్టిన పేరున్న అధ్యయనం 1999లో వచ్చింది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ బ్లూమెంథాల్ బృందం యాభై దాటిన 156 మంది రోగులను మూడు జట్లుగా విడదీసింది. ఒక జట్టుకు వారానికి మూడుసార్లు, మనిషి దగ్గరుండి చేయించే నడక లేదా పరుగు. ఒక జట్టుకు సెర్ట్రాలిన్ అనే మాత్ర. మూడో జట్టుకు రెండూ. 16 వారాలయ్యాక చూస్తే జబ్బు లక్షణాలు పోయినవాళ్లు వ్యాయామం జట్టులో నూటికి 60 మంది, మాత్రల జట్టులో 69 మంది, రెండూ కలిపిన జట్టులో 66 మంది. గణితం తెలిసినవాళ్లు ఈ తేడాను తేడాగా ఒప్పుకోరు. మొదటి వారాల్లో మాత్రం మాత్రే ముందు నడిచింది. ఆ సంగతి దాచకూడదు.

నాకు అంతకంటే ఆసక్తి కలిగించింది ఆ తరువాతి సంవత్సరం వచ్చిన రెండో భాగం. కోలుకున్నవాళ్లలో ఆరు నెలలు గడిచాక జబ్బు తిరగబెట్టినవాళ్లెందరని లెక్కవేశారు. మాత్రలతో కోలుకున్నవాళ్లలో నూటికి 38. వ్యాయామంతో కోలుకున్నవాళ్లలో 8. రెండూ కలిపి వాడినవాళ్లు వ్యాయామం జట్టుకు దగ్గరగా ఉంటారనుకుంటాం కదా? వాళ్లలో 31. మాత్ర వ్యాయామాన్ని చెడగొట్టిందని దీనికి అర్థం కాదు. తన కాళ్ల మీద తానే లేచానని ఒకరు అనుకోవడానికీ, మాత్ర వేసుకుంటే తగ్గిందని ఇంకొకరు అనుకోవడానికీ మధ్య ఏదో ఉండవచ్చని ఆ పరిశోధకులే ఊహించారు. జట్లు చిన్నవి, కాబట్టి ఈ అంకెల మీద మరీ మేడలు కట్టకూడదు.

కట్టినవాళ్లున్నారు, కూల్చినవాళ్లూ ఉన్నారు. 2013లో కాక్రేన్ సంస్థ 39 పరీక్షలను కలిపి తూచింది. అన్నీ కలిపితే మేలు ఒక మోస్తరుగా కనబడింది. పద్ధతి ప్రకారం పకడ్బందీగా చేసినవాటిని మాత్రమే ఏరితే మిగిలినవి ఆరు. ఆ ఆరింటిలో మేలు బాగా తగ్గిపోయింది. ఇక్కడ తప్పించుకోలేని చిక్కొకటి ఉంది. మాత్రల పరీక్షలో ఉత్తుత్తి మాత్ర ఇవ్వవచ్చు, రోగికి తెలియదు. పరిగెత్తుతున్నానో లేదో తెలియకుండా మనిషిని ఎలా పరిగెత్తిస్తాం? అంతకుముందు ఏడాది బ్రిటన్‌లో 361 మంది మీద ఇంకో పరీక్ష జరిగింది. అక్కడ ఎవరూ దగ్గరుండి వ్యాయామం చేయించలేదు. సలహాదారు కలిసి, ఫోన్లు చేసి, మీరు ఇంకాస్త కదలండి అని ప్రోత్సహించారు. రోగులు కొంచెం ఎక్కువే కదిలారు. డిప్రెషన్ మాత్రం కదల్లేదు. పత్రికలు మర్నాడే వ్యాయామం దండగని రాసేశాయి. అందులో ఓడిపోయింది వ్యాయామం కాదని నా అభిప్రాయం. సలహా ఓడిపోయింది. చీటీ మీద నలభై అయిదు నిమిషాల నడక రాసి పంపడం ఆ జాతికి చెందినదే.

2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష 218 అధ్యయనాలనూ, 14,170 మందినీ ఒక్కచోట చేర్చింది. నడక, మెల్లని పరుగు, యోగా, బరువులెత్తడం ముందు వరసలో నిలిచాయి. ఒంటికి కాస్త గట్టిగా పని తగిలితే మేలు ఎక్కువగా కనబడింది. ఆ అధ్యయనాల నాణ్యత మీద సందేహాలు ఆ రచయితలే వెలిబుచ్చారు. బ్రిటన్‌లో వైద్యులకు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లోనే, అంత తీవ్రంగా లేని డిప్రెషన్‌కు మొదట ఇవ్వదగిన చికిత్సల జాబితాలో జట్టుగా చేసే వ్యాయామాన్ని చేర్చింది. జట్టుగా అన్న మాట గుర్తుంచుకోండి. జట్టుకు సుమారు ఎనిమిది మంది, వారానికి ఒకటికి మించిన సార్లు, పది వారాలు. ఇన్ని చూశాక నా లెక్క ఇది: తేలికపాటి, మధ్యరకం డిప్రెషన్‌కు వ్యాయామం చికిత్సే. తీవ్రమైనదానికి మందుకు తోడు మాత్రమే. మందు మానేయడానికి సాకుగా దాన్ని వాడుకునేవాళ్లను నేను సమర్థించను.

లోపల ఏం జరుగుతుందో కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే డాక్టరు వచ్చి ఆటల గురించి చెప్పి వెళ్లాడంటారు. ఒత్తిడిలోనూ వాపు ఉన్నప్పుడూ ఒంట్లో కైన్యురెనిన్ అనే పదార్థం పెరిగి మెదడులోకి చేరి హాని చేస్తుంది. పని తగిలిన కండరం దాన్ని మెదడులోకి వెళ్లలేని రూపంలోకి మార్చేస్తుందని 2014లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థవాళ్లు ఎలుకల్లో చూపించారు. కండరం వడపోతలాగా పనిచేస్తుందన్నమాట. 2011లో 120 మంది వృద్ధుల మీద జరిగిన పరీక్షలో, ఏడాదిపాటు నడిచినవాళ్ల మెదడులో జ్ఞాపకానికి ముఖ్యమైన హిపోక్యాంపస్ భాగం రెండు శాతం పెరిగింది. వాళ్లు డిప్రెషన్ రోగులు కారు గానీ, డిప్రెషన్‌లో కుంచించుకుపోయే భాగం అదే.

మరి జగిత్యాల ఆయన కండరం వడపోయలేదా? బస్తా మోసేటప్పుడు కూడా కండరం కండరమే కదా?

ఈ ప్రశ్న వెనక చాలా కథ ఉంది. వ్యాయామం గుండెకు మంచిదన్న ఆధునిక విజ్ఞానమంతా ఒకరకంగా ఉద్యోగం చేసే చోటే పుట్టింది. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో, రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని చూపించాడు. మూడేళ్లకు ఆయనే, తన సొంత సిద్ధాంతానికి అడ్డొచ్చే వివరం ఒకటి పట్టుకున్నాడు. కంపెనీ కుట్టించిన యూనిఫారాల కొలతలు తిరగేస్తే, డ్రైవర్ల నడుములు మొదటినుంచే లావుగా ఉన్నాయి. అంటే ఏ పనికి ఎవరు వస్తారన్న దాంట్లోనే సగం సంగతి దాగి ఉంది. దర్జీ కొలతలు పట్టుకుని శాస్త్రం సాగించిన ఆ మనిషంటే నాకు గొప్ప ఇష్టం.

ఆ తరువాత వచ్చిన అధ్యయనాల్లో చిత్రం ఇంకా మారింది. 2018లో అలాంటి వాటిని కలిపి చూస్తే, బరువు పనులు చేసే మగవాళ్లకు, తేలికైన పనులు చేసేవాళ్లకంటే ముందుగా చనిపోయే ప్రమాదం 18 శాతం ఎక్కువ. మనసు విషయంలోనూ అంతే. 2017లో వచ్చిన ఒక సమీక్షలో తీరికవేళ చేసే వ్యాయామం, సొంత పనిమీద నడిచో సైకిలు తొక్కో వెళ్లడం, ఈ రెండూ మంచి మానసిక ఆరోగ్యంతో ముడిపడి కనిపించాయి. ఉద్యోగంలో భాగంగా ఒళ్లు వంచడం మాత్రం మానసిక అనారోగ్యం వైపు మొగ్గింది. ఈ సంబంధాలు బలమైనవి కావు, చిన్నవే. కానీ దిశ తిరగబడింది.

ఎందుకు తిరగబడింది? బస్తా మోసేవాడికి ఎప్పుడు ఆపాలో నిర్ణయించే హక్కు లేదు. గుండె వేగం పెరిగి తగ్గి పెరిగి తగ్గడం ఒంటికి మంచిది. పది గంటలు ఒక మోస్తరు ఎత్తులోనే ఉండిపోవడం మంచిది కాదు. వ్యాయామం తరువాత విశ్రాంతి ఉంటుంది, తిండి ఉంటుంది. షిఫ్టు తరువాత బస్సు కోసం నిలబడటం, వంట వంతు, బాత్రూము ముందు వరస ఉంటాయి. ఒకే భుజం, ఒకే నడుము, ఒకే వైపు వంగడం. పైగా ఫోర్‌మన్ కేకలు. పక్కన పదిమంది ఉన్నా ఆ పదిమందితో ఆడుతున్నట్టు ఉండదు. అష్టాంగహృదయం రాసిన వాగ్భటుడు వ్యాయామం ఒంట్లో ఉన్న శక్తిలో సగం వరకే చెయ్యమన్నాడు. అదీ చలికాలంలో, వసంతంలో. మిగతా కాలాల్లో ఇంకా తక్కువ. ఆయన బహ్రెయిన్ జులైని చూసినవాడు కాదు. సగం శక్తి దగ్గర ఆగగలగడంలోనే అసలు కీలకం ఉందని ఆ కాలంలోనే గ్రహించాడు.

కాబట్టి జగిత్యాల ఆయనకు నేను చెప్పింది ఇది: నువ్వు చేసేది శ్రమ. దానికి జీతం ఇస్తారు. నీకు కావలసింది ఇంకోటి, అది వేరే పూట, వేరే మనుషులతో.

ఇక ఇక్కడి సంగతి. లేబర్ క్యాంపుల్లో ఉన్నవాళ్లంతా బస్తాలు మోసేవాళ్లనుకోకూడదు. పన్నెండు గంటలు కుర్చీలో కూర్చునే సెక్యూరిటీ గార్డులున్నారు. క్రేను క్యాబిన్లో ముడుచుకుని కూర్చునేవాళ్లు, ట్రైలర్ నడిపేవాళ్లు, సూపర్ మార్కెట్ కౌంటర్ వెనక నిలబడి నిలబడి కాళ్లు వాచేవాళ్లు ఉన్నారు. వీళ్లకు నడక నిజంగానే మందు. లోడింగ్ పనివాళ్లకు, రాడ్లు వంచేవాళ్లకు నడక అదనపు బరువు అవుతుంది. వాళ్లకు కీళ్లూ నడుమూ సాగదీసే మెల్లని కదలికలు, యోగా, శుక్రవారం ఆట. ఆటలో నవ్వు ఉండాలి. చీటీ రాసే డాక్టరు ముందు నువ్వేం పని చేస్తావని అడగాలి. ఇంత చిన్న ప్రశ్న అడగనివాళ్లు ఎక్కువ.

ఎండ మాట. బహ్రెయిన్‌లో 2007 నుంచి వేసవిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని చేయించడం నిషేధం. చాలా ఏళ్లు అది జులై, ఆగస్టు నెలలకే ఉండేది. 2025 నుంచి జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మూడు నెలలు చేశారు. మంచి నిర్ణయం. అయితే పని ఆపినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఇక్కడి గాలిలో తేమ రాత్రిపూట కూడా చెమటను ఆరనివ్వదు. ఎండాకాలంలో లోడింగ్ పని చేసి వచ్చినవాణ్ణి సాయంత్రం పరిగెత్తించడం వైద్యం కాదు, మూత్రపిండాలతో ఆడుకోవడం. ఆ మూడు నెలలూ ఏసీ ఉన్న గదిలో, హాలులో చేసేదే చెయ్యాలి.

ఇంకో సంగతి, దీన్ని డాక్టర్లు కూడా మరిచిపోతుంటారు. డిప్రెషన్‌కు వాడే పాత తరం మాత్రలు, ఎమిట్రిప్టిలిన్ లాంటివి, చెమటను తగ్గిస్తాయి. చెమట పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. లిథియం వాడేవాళ్లకు ఒంట్లో నీళ్లు తగ్గితే మందు రక్తంలో పేరుకుని విషమవుతుంది. ఊరినుంచి మందులు తెచ్చుకుని వాడుకునేవాళ్లు మనలో చాలామంది. ఆ మందు ఏదో, మీరు ఎండలో పనిచేస్తారో లేదో డాక్టరుకు చెప్పి తీరాలి. తెచ్చుకున్న మందు అయిపోయిందని ఉన్నట్టుండి మానేయడమూ ప్రమాదమే.

ఇప్పుడు రూములోకి వెళదాం. మీకు తెలిసిన రూమే. రెండంతస్తుల ఇనప మంచాలు, మంచం చుట్టూ తాడు కట్టి వేలాడదీసిన దుప్పటి. ఆ దుప్పటే ఆ మనిషికి గోడ, తలుపు, ఇల్లు. డిప్రెషన్ మొదలైనవాడు ముందుగా చేసే పని ఆ తెర వేసుకోవడం. తరువాత వంట వంతు తప్పించుకుంటాడు, డబ్బులిచ్చి ఇంకొకరి చేత చేయిస్తాడు. శుక్రవారం బట్టలు ఉతకడు. ఇక్కడి టైము ఊరికంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ ఎనిమిదికి చేసే ఫోను అక్కడ పదిన్నరకు మోగుతుంది. ఆ ఫోన్లు తగ్గుతాయి, పిల్లలు పడుకుని ఉంటారులే అంటాడు. ఓటీ (ఓవర్‌టైము) ఉన్నా వద్దంటాడు, లేదా అడిగి మరీ ఒళ్లు హూనం చేసుకుంటాడు. ఇవన్నీ డాక్టరు కంటే ముందు రూమ్మేట్లు చూస్తారు. ఇక్కడి వైద్య వ్యవస్థలో నాకు కనబడే మొదటి వైద్యుడు పక్క మంచం మనిషే.

ఈ మాట మర్యాదకు అనడం లేదు. దీనికి మన దేశంలోనే గట్టి ఆధారం ఉంది. గోవాలో సంగత్ సంస్థ, విక్రమ్ పటేల్ బృందం ఒక పరీక్ష చేశారు, 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 495 మందికి ఒక మోస్తరును మించి తీవ్రస్థాయి దాకా డిప్రెషన్ ఉంది. డాక్టర్లు కానివాళ్లకు, మానసిక శాస్త్రం చదవనివాళ్లకు శిక్షణ ఇచ్చి వాళ్లచేత ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. మాటల్లో పెద్ద తత్వమేమీ లేదు. మానేసిన పనులేవి, వాటిలో ఈ వారం తిరిగి మొదలుపెట్టగలిగేది ఏది, ఎవరితో, ఎప్పుడు. మూడు నెలలకు మామూలు వైద్యం జట్టులో నూటికి 39 మంది కోలుకుంటే, ఈ జట్టులో 64 మంది కోలుకున్నారు. మనసు బాగుపడ్డాక పని మొదలుపెడతానని కూర్చునేవాణ్ణి, ముందు పని మొదలుపెట్టు, మనసు వెనకాలే వస్తుందని లేవదీయడం ఆ పద్ధతి.

లేవదీయడం అన్నాను. డిప్రెషన్‌లో ఉన్నవాడికి ఏ ఆట ఇష్టమో ఎంచుకోమని చెప్పడం అన్యాయం. ఎంచుకునే శక్తే పోయింది అతనికి. వాడి తరఫున ఇంకొకరు వేళ పెట్టాలి, చోటు పెట్టాలి, వచ్చి తలుపు కొట్టాలి. రానంటే బతిమాలాలి, తిట్టకూడదు. వచ్చి గట్టు మీద కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి, బంతి బయటికి పోయినప్పుడు అందివ్వడం కూడా మొదటి వారానికి వ్యాయామమే. డ్రిల్లు మాస్టార్లకు ఈ విద్య తెలుసు. బలిష్ఠుడైన కుర్రాణ్ణి ఆడించడం ఎవరికైనా వస్తుంది, వరస చివర నక్కేవాణ్ణి ముందుకు లాగడం వాళ్లకే వస్తుంది. మల్లవీరుడు కోడి రామ్మూర్తిగారిని తలుచుకునేటప్పుడు మనం ఛాతీ మీద ఏనుగునే తలుచుకుంటాం. ఊరూరా తాలింఖానాలు (వ్యాయామశాలలు) నడిపిన పేరులేని గురువుల సంగతి ఎవరూ రాసిపెట్టలేదు.

మోతాదు అడుగుతారు కాబట్టి చెబుతాను. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట నుంచి ముప్పావుగంట. మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత ఆయాసం. పది వారాలు ఆగకుండా. రెండో వారంలో ఏమీ తేడా లేదని మానేసేవాళ్లే ఎక్కువ, మాత్రలు మానేసేదీ ఆ వారంలోనే. నిద్ర ముందు బాగుపడుతుంది, ఆకలి తరువాత, సంతోషం అన్నిటికంటే చివర. ఇది నేను రోగుల్లో చూసిన వరస, శాస్త్రం చెప్పిన సూత్రం కాదు.

క్యాంపుల గురించే మాట్లాడుతున్నానని ఈ సభలో ముందు వరసల్లో కూర్చున్నవాళ్లు అనుకుంటూ ఉండవచ్చు. మీ సంగతి తేలిక. రిఫాలోనో జుఫైర్‌లోనో ఫ్లాటు, కారు, మాల్‌లో ఏసీలో నడిచే వీలు ఉన్నాయి. అరాద్ కోట పక్క సముద్రం ఒడ్డున నడక బాటలున్నాయి. ఇబ్బంది మీ ఇళ్లలో ఉన్నవాళ్లది. భర్త ఆఫీసుకు, పిల్లలు ఇండియన్ స్కూలుకు వెళ్లాక మే నుంచి సెప్టెంబరు దాకా కర్టెన్లు వేసిన ఫ్లాటులో ఒక్కతే ఉండే ఇల్లాలు. బీటెక్ చదివి వచ్చిన అమ్మాయి. ఆమెకు కూడా కావలసింది ట్రెడ్‌మిల్ కాదు, పదిన్నరకు కాలింగ్ బెల్ కొట్టే ఇంకో ఆడమనిషి. ఇక ఇళ్లలో పనికి వచ్చిన మన కడప, గోదావరి ఆడవాళ్లకు చాలామందికి శుక్రవారం కూడా ఉండదు. వాళ్లకు నా దగ్గర ఈ ఉపన్యాసంలో చికిత్స లేదు. వారానికి ఒక సెలవు ఇప్పించడమే వాళ్లకు మొదటి చికిత్స.

ఆ మాట మీదే ఇంకొంచెం. ఆరు నెలల జీతం రానివాడికి వాలీబాల్ మందు కాదు. అతని దిగులు జబ్బు కాకపోవచ్చు, లెక్క అయి ఉండవచ్చు. ఏజెంటుకు కట్టిన డబ్బుకు ఊళ్లో నూటికి మూడు వడ్డీ నడుస్తుంటే రాత్రి మూడింటికి మెలకువ రావడంలో వింతేముంది? రాయబార కార్యాలయంలో నెలనెలా ఓపెన్ హౌస్ ఉంది, ఐసీఆర్‌ఎఫ్ (ఇండియన్ కమ్యూనిటీ రిలీఫ్ ఫండ్) వాళ్లున్నారు, లేబర్ కోర్టు ఉంది. ముందు అక్కడికి తీసుకెళ్లండి. జీతం ఎగ్గొట్టే యజమాని క్యాంపులో జిమ్ పెట్టించి ఫొటోలు దిగితే దాన్ని మానసిక ఆరోగ్య కార్యక్రమం అని మెచ్చుకోకండి. ఈ దేశంలో 2017 నుంచి ఫిబ్రవరిలో ఒక మంగళవారం క్రీడాదినం జరుపుతున్నారు, ప్రభుత్వ ఆఫీసులకు ఆ రోజు పని వేళలో సగం ఆటలకే. మంచి సంప్రదాయం. అది అస్కర్‌లోని లేబర్ క్యాంపు గేటు లోపలికి కూడా వస్తే ఇంకా బాగుంటుంది.

చచ్చిపోవాలని ఉందని ఎవరైనా అంటే, సరదాకు అన్నా సరే, అక్కడ వ్యాయామం మాట ఎత్తకండి. ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలకండి. 999కి ఫోన్ చేయండి, లేదా సల్మానియా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. సీపీఆర్ గుర్తింపు కార్డు గడువు దాటిందని భయపడి ఆగకండి. ఊళ్లో ఉన్న మీ వాళ్లకు ఇలాంటి అవసరం వస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

చివరగా ఒక ప్రతిపాదన, సంఘం పెద్దల ముందు పెడుతున్నాను. ఇంతసేపూ నేను చెప్పిన అధ్యయనాలు డ్యూక్‌లో, బ్రిటన్‌లో, స్వీడన్‌లో, గోవాలో జరిగాయి. రోజంతా ఒళ్లు వంచి పనిచేసేవాడికి సెలవుపూట ఆట ఎంతవరకు మందవుతుందన్న ప్రశ్నను ఇక్కడే, మన క్యాంపుల్లోనే పరీక్షించవచ్చు. డిప్రెషన్ కొలవడానికి తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది, పీహెచ్‌క్యూ-9 అంటారు, గోవాలో వాడిందీ అదే. తెలుగులో దొరుకుతుంది, చదవలేనివాళ్లకు చదివి వినిపిస్తే పది నిమిషాల పని. దగ్గర దగ్గరగా ఉన్న రెండు క్యాంపులు తీసుకుందాం. ఒకదానిలో శుక్రవారం ఆట, వారం మధ్యలో రెండు సాయంత్రాలు ఒళ్లు సాగదీసే కసరత్తు, తలుపు కొట్టడానికి శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు. రెండోదానిలో మొదటి పది వారాలు ఏమీ ఉండదు, తరువాత వాళ్లకూ ఇవే మొదలుపెడతాం. పట్టికలో ఎక్కువ మార్కులు వచ్చినవాణ్ణి ఏ క్యాంపువాడైనా వెంటనే డాక్టరుకు చూపిస్తాం, అందులో పరీక్ష లేదు. పేర్లు రాయం, నంబర్లే. కంపెనీకి ఆ కాగితాలు చూపించం, ఇది మొదటి షరతు, దీనికి ఒప్పుకోని క్యాంపులోకి వెళ్లనే వద్దు. అక్టోబరు మధ్యలో ఎండ తగ్గగానే మొదలుపెడితే సంక్రాంతిలోపే పది వారాలు పూర్తవుతాయి. పట్టికల లెక్కలు నేను చూసిపెడతాను. తలుపు కొట్టే ఇద్దరు ఎవరో ఈ సాయంత్రం భోజనాలయ్యేలోపు కార్యదర్శిగారికి పేర్లివ్వండి.